ఉత్తుత్తి బస్సు ప్రమాదం

జహీరాబాద్ దగ్గర హైవే పక్కనున్న మా దవాఖానలో నేను స్టాఫ్ నర్సుని. పెద్ద ప్రమాదం జరిగి ఒకేసారి ఇరవై మంది వచ్చిపడితే ఏం చేయాలో నేర్పడానికి జిల్లా నుంచి ఒక సారు వచ్చాడు. చిరాగ్‌పల్లి దగ్గర బస్సు, చెరకు లారీ గుద్దుకున్నాయని కథ అల్లాడు. దెబ్బలు తగిలినవాళ్లు మా సిబ్బందే. గేటు దగ్గర నేను ఒక్కొక్కరినీ చూసి, ప్రాణం మీదికి వచ్చినవాళ్లకు ఎర్ర రిబ్బన్, కాస్త ఆగగలవాళ్లకు పసుపు, నడవగలవాళ్లకు ఆకుపచ్చ, చనిపోయినవాళ్లకు నల్లది కట్టాలి. మనిషికి అర నిమిషం. వేరే దవాఖానలో ఒక నర్సు దీన్ని భలే చేసిందని సారు రెండుసార్లు అన్నాడు. మూడోసారి అననివ్వకూడదని నేను పంతం పట్టాను.

పసుపులో సున్నం కలిపి నెత్తురు తయారుచేశాం. ఎవరికి ఏ దెబ్బో రాసిన చీటీలు పంచేసరికి అసలు యుద్ధం మొదలైంది. ఎర్ర రిబ్బన్ వాళ్లకు స్ట్రెచర్ మీద సవారీ, లోపల ఏసీ గది. ఆకుపచ్చ వాళ్లకు బయట రేకుల షెడ్డు. ఆ ఎండలో తెలిసి తెలిసి చేయి బెణికించుకునేదెవరు? మా ఆయమ్మ తన చీటీ చదివించుకుని మొహం మాడ్చుకుంది.

“ఇన్నేండ్ల సంది గీ దవాఖానల చేస్తున్న. నాకు గింత చిన్న దెబ్బనా సిస్టరమ్మా? జర పెద్దది చూడు.”

తల పగిలిందని రాసిచ్చాను. సంతోషంగా చెంపలకు కూడా నెత్తురు పూసుకుంది. నల్ల రిబ్బన్ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. శుక్రవారం పూట చచ్చేదేమిటని అందరూ తప్పించుకుంటే, పొడుగాటి దిండుకు దుప్పటి చుట్టి దాన్నే చంపేశాం.

ఊడ్చే అక్క ఒక్కతే పేచీ పెట్టలేదు.

“ఉపాసమున్న సిస్టరమ్మా. ఉరుకుడు, పొర్లుడు నాతోటి కాదు. కూసునేది ఏదన్న ఇయ్యి.”

ఆమె చర్చికి పోయే మనిషి. ఈస్టర్ ముందు నలభై రోజులూ పొద్దుగూకేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు. ఆమెకు షుగర్ ఉందని కూడా నాకు తెలుసు, నెలనెలా మాత్రలు చేతిలో పెట్టేది నేనే. అయినా, ఖాళీ కడుపున ఈ పూట మాత్ర వేసుకున్నావా అని అడగలేదు. మోకాలు గీరుకుపోయిందన్న చీటీ ఇచ్చేసి నా రిబ్బన్లు సర్దుకున్నాను.

సారు ఈల ఊదాడు. జనం ఆటోల్లోంచి దిగుతూనే శోకాలు మొదలుపెట్టారు. అందరినీ మించింది ఆయమ్మ.

“ఓ కొడుకా, నేను పోతున్నరో! కోడలికి బీరువ తాళాలు ఇయ్యకున్రో!”

మోస్తున్నవాళ్లు నవ్వాపుకోలేక స్ట్రెచర్ అక్కడే కింద పెట్టేశారు. నేను ఎర్రది కట్టి, పసుపుది కట్టి, మరో ఎర్రది కట్టి మంచి ఊపు మీదున్నాను. సారు గడియారం చూస్తూ తలాడిస్తున్నాడు. నాకు ఒళ్లు తెలియలేదు.

ఊడ్చే అక్క షెడ్డు గోడకు ఆనుకుని, కళ్లు సగం మూసుకుని కూర్చుంది.

“ఏందక్కా, మోకాలు గీక్కపోతే గింత నటననా?” అన్నాను. అందరూ నవ్వారు. ఆమె పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు.

“శభాష్, అచ్చం నిజంలాగే ఉంది!” అన్నాడు సారు.

ఆకుపచ్చ రిబ్బన్ కట్టడానికి మణికట్టు పట్టుకున్నాను. చల్లగా, చెమటతో తడిసి ఉంది. ముడి సగంలో నా వేళ్లు ఆగిపోయాయి. అరిచేవాడికి ఊపిరి ఉన్నట్టే, ముందు అరవనివాణ్ని చూడండి అని సారు పొద్దున చెప్పిన మొదటి పాఠం. నోట్సులో దాని కింద గీత కూడా గీసుకున్నాను.

“షుగర్ పడిపోయింది! నిజంగనే!” అని కేకేశాను. ఎవరూ కదల్లేదు. ఎందుకు కదులుతారు, పొద్దుటి నుంచి అందరివీ అవే కేకలు. నా మొహం చూసి ముందు అర్థం చేసుకుంది ఆయమ్మే. పగిలిన తలతో స్ట్రెచర్ దిగి, అక్కను దాని మీద పడుకోబెట్టి, ఒక కొస తనే పట్టుకుంది.

మొదటిసారి సూది తప్పింది. ఇన్నేళ్ల సర్వీసులో నాకెప్పుడూ అలా కాలేదు. రెండోసారి నరం దొరికింది. గ్లూకోజ్ ఎక్కుతున్నంతసేపూ ఆమె కనురెప్పలనే చూస్తూ, ఈమెను తిరిగి ఇచ్చెయ్యి తండ్రీ అని మొక్కుకున్నాను, ఆమె దేవుడికో నా దేవుడికో కూడా తెలియకుండా.

చివరికి కళ్లు తెరిచింది. పైన వేలాడే సీసాను చూసి కంగారుపడింది.

“నరంల పోయిందానికి ఉపాసం పోతదా సిస్టరమ్మా?”

“దీనికి పోదు గని, ఇగ అన్నం తినిపిస్త, దానికి పోతది” అని పాస్టరు గారి పెత్తనం కూడా నేనే తీసుకున్నాను. తర్వాత కోపం ఆగలేదు. “పానం గట్లయితుంటె చెప్పాలె గదక్కా! పక్కనే ఉంటి గద!”

“చెప్దామనే అనుకున్న. మీరందరు మంచిగ నవ్వుకుంటున్నరు. నువ్వయితె ఎన్నడు లేంది గంత ఖుషీగ ఉంటివి. నడుమల నాదెందుకని ఊకున్న.”

ఆయమ్మ తన టిఫిన్ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. ముద్ద కలుపుతున్నంతసేపూ నేను తలెత్తలేకపోయాను.