మెకానిక్కు ముక్కు

మద్రాసు పురసవాక్కంలో మా బట్టల కొట్టు పాత పికప్‌ను బాగుచేసే మెకానిక్కుకు డాష్‌బోర్డులో వెలిగే ఎర్రలైటంటే లెక్కలేదు. పొగగొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి, దాన్ని వాసన చూసి జబ్బేమిటో చెప్పేవాడు. ఎప్పుడూ తప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఆ లైటు ఎంతకీ ఆరకపోతే బండిని ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. పెట్రోలు కంపుకు నేను ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాను. ఆయన అరచేతిని రెండుసార్లు వాసన చూశాడు.

"ఏమీ లేదన్నా, బండి బాగుండాది. లైటే చెడిపోయుండాది."

అప్పటికే బండి కింద పెట్రోలు కారి ఆయన చెప్పుల దాకా పాకింది. ఆయన చెవిమీది బీడీని నోట్లో పెట్టుకుని అగ్గిపెట్టె తీశాడు. ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఏందన్నా?"

కిందికి చూపించాను. ఆయన వంగి, ఆ తడిలో వేలు ముంచి ముక్కుకు ఆనించుకున్నాడు. చాలాసేపు దాన్ని తియ్యలేదు.