పసుపు తిరగని నీళ్లు

నందిగామలో తాగునీళ్లు పరీక్షించే చిన్న ల్యాబులో దినకూలీ మీద చేరినప్పుడు, ఆ పనిలో దెబ్బలు కూడా ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను, గాజు సామాను పగలగొట్టకుండా కడగడం వచ్చు. వాళ్లకు అంతకు మించి అక్కర్లేదు. ఊళ్ల నుంచి సీసాల్లో నీళ్లు వచ్చేవి, చూసి చెప్పేవాళ్లం. ఎక్కడైనా వాంతులు, విరేచనాలు మొదలైతే మాత్రం మనిషే వెళ్లాలి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక వానాకాలం, జగ్గయ్యపేట అవతల ఒక ఊరికి అలాగే వెళ్లాను. మా సారు సెలవులో ఉన్నారు, ఒక్కదాన్నే బయల్దేరాను. జగ్గయ్యపేటలో బస్సు దిగి ఎక్కిన ఆటో ఊరి మొదట్లోకి రాగానే అరుపులు వినపడ్డాయి. ఓవర్‌హెడ్ ట్యాంకు కింద జనం. ట్యాంకు నిచ్చెనకు ఒక మనిషిని కట్టేసి కొడుతున్నారు.

ఆయన ఆ ఊరి వాటర్‌మ్యాన్, ట్యాంకులో బ్లీచింగ్ కలిపి నీళ్లు వదిలేది ఆయనే. యాభై దాటిన బక్కమనిషి. కొడుతున్నది వయసులో ఉన్న ఒక రైతు. చేతిలో నల్ల ప్లాస్టిక్ పైపు ముక్క. అది పడ్డ చోటల్లా చొక్కా చిరిగి వీపు నెత్తురుకి అతుక్కుంది. ఆ రైతు తల్లి పొద్దున్నే విరేచనాలతో చనిపోయిందని, శవం ఇంకా అరుగు మీదే ఉందని పక్కనున్నవాళ్లు చెప్పారు.

నేనెవరో తెలియగానే అతను నా వైపు తిరిగాడు.

"చూడండి మేడం, బాగా చూడండి. బ్లీచింగ్ బస్తాలకి బస్తాలు కుమ్మరించి మా అమ్మని చంపాడు వీడు. నిన్నంతా నీళ్లు ఒకటే వాసన. మీరు అవునని ఒక్క మాట చెప్పండి, వీణ్ణి ఇక్కడే పాతేస్తా."

వాటర్‌మ్యాన్ భార్య నా కాళ్ల దగ్గర కూలబడింది. "ఎప్పుడూ ఏసేంతే ఏశాడమ్మా. నువ్వన్నా చెప్పమ్మా వాళ్లకి."

గాజు గొట్టంలో నీళ్లు పట్టి మా మందు చుక్కలు వేస్తే, బ్లీచింగ్‌లోని క్లోరిన్ ఉన్న నీళ్లు పసుపు తిరుగుతాయి. మరీ ఎక్కువైతే నారింజ రంగులోకి వెళతాయి. అసలు లేకపోయినా, మురుగు కలిసి క్లోరిన్ హరించుకుపోయినా మామూలుగానే ఉంటాయి. ట్యాంకు కింది కుళాయి నీళ్లు పట్టి చుక్కలు వేశాను. ట్యాంకు నీళ్లు లేత పసుపు తిరిగాయి. ఉండాల్సింది అంతే.

"సరిపడా వేశాడండి. దీనికి మనుషులు చనిపోరు," అన్నాను.

"మరి మా అమ్మ ఎట్టా పోయింది?" అంటూ అతను మళ్లీ పైపు ఎత్తాడు. ఈసారి దెబ్బ కట్టేసిన మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. వాటర్‌మ్యాన్ తల వేలాడేశాడు.

"జబ్బు పడ్డవాళ్లు ఎటువైపు ఉన్నారు?" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

అందరూ పల్లపు వీధిలోనే ఉన్నారట. ఆ వీధిలో ప్రతి కుళాయీ చూస్తాను, అప్పటిదాకా ఆయన్ని ముట్టుకోవద్దన్నాను. ఆయన్ని నిచ్చెనకే వదిలేసి జనమంతా నా వెనకే వచ్చారు.

వీధి మొదట్లో ఇళ్ల నీళ్లు పసుపు తిరిగాయి. వీధి మధ్యలో శవం ఉన్న అరుగు దగ్గర తిరగలేదు. ఆ కింది ఇళ్లలో ఎక్కడా తిరగలేదు. వెనక్కొచ్చి మళ్లీ చూశాను. ఆ ఇంటి ముందు కుళాయి గుంట మురుగు కాలవకంటే లోతుగా తవ్వి ఉంది. నీళ్లు జోరుగా రావడానికి ఊరి పైపుకే మోటారు బిగించి, అతుకు చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క కట్టారు. వానకి కాలవ పొంగి గుంట నిండా నల్లటి మురుగు. ట్యాంకు నీళ్లు కట్టేసినప్పుడల్లా ఖాళీ అయిన పైపు ఆ మురుగునే లోపలికి పీల్చుకుంటోంది.

"ఏందమ్మా, చెప్పవేం?" అన్నాడు ఆ కొడుకు.

నందిగామ వెళ్లి చెబుతానని తప్పుకోవచ్చు. కానీ అక్కడ నిచ్చెనకు మనిషి వేలాడుతున్నాడు.

"మురుగు ఇక్కడే కలుస్తోందండి. మీ గుంటలోనే."

చెంప మీద పడిన దెబ్బకి కాలవ గట్టు రాళ్ల మీద పడ్డాను. గాజు గొట్టం అరచేతిలోనే పగిలింది. "మా అమ్మని నేనే చంపానంటావా?" అని డొక్కలో తన్నాడు. ఆడవాళ్లు నన్ను పక్కకి లాగారు.

ఆ తర్వాత జనం అతని మీద పడ్డారు. కింది ఇంటాయన మొదటి గుద్దు గుద్దాడు. ఆయన బిడ్డ జగ్గయ్యపేట ఆసుపత్రిలో సెలైన్ మీద ఉంది. ఎవరో ఆ నల్ల పైపే లాక్కున్నారు. తల్లి శవం ఎదుటే కొట్టారు. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. పాక్కుంటూ వెళ్లి గడ్డపార అందుకుంటే అందరూ వెనక్కి జరిగారు. అతను ఎవరి వైపూ చూడకుండా గుంటలోకి దిగి మోటారుని పొడిచాడు. అది ముక్కలయ్యాక కూడా పొడుస్తూనే ఉన్నాడు. వాటర్‌మ్యాన్ భార్య పరుగెత్తుకుంటూ వచ్చింది. మొగుడి కట్లు విప్పమని అడగడానికి వచ్చిందనుకున్నాను. ఆమె గుంటలోకి దిగి, చెప్పు తీసి, అతని మొహం మీద చెయ్యి అలిసేదాకా కొట్టింది.

జీపులో పోలీసులు వచ్చాక వాటర్‌మ్యాన్‌నీ నన్నూ ఆసుపత్రికి తీసుకెళ్లారు. పోలీసుల కాపలాలో, తలకి కట్టుతోనే ఆ కొడుకు తల్లికి కొరివి పెట్టాడట. ఆ వారంలో ఊళ్లో మోటార్లన్నీ పీకించారు. ఎండాకాలానికి సగం తిరిగి వచ్చాయని విన్నాను. నా ఎడమ చెవి కర్ణభేరి చిరిగిందని విజయవాడ డాక్టరు చెప్పాడు. ఇప్పటికీ ఆ వైపు నుంచి పిలిస్తే పలకను.

చాలా ఏళ్ల తర్వాత కంచికచర్లలో బస్సు ఆగినప్పుడు, రోడ్డు పక్క టీకొట్లో వాటర్‌మ్యాన్‌ని చూశాను. అల్లుడి కొట్టట. కుడి మణికట్టు వంకరగా అతుక్కుంది, గ్లాసులు ఎడమ చేత్తో అందిస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి టీ ఇచ్చాడు.

"ఇంకాస్త ముందు బస్సుకి వచ్చుంటే చెయ్యి దక్కేదమ్మా," అన్నాడు. గొంతులో కోపం లేదు.

"అవునండి," అన్నాను. డ్రైవరు హారన్ కొడుతున్నా ఆ టీ పూర్తిగా తాగాకే బస్సెక్కాను.