ఇంటిపేరు ముందు రాసిన కార్డు

మా ముత్తాత పన్నెండు గ్రామాల జమీందారు. దివాణం ముందు నుంచి నడిచేవాళ్లు ఎండలోనైనా గొడుగు ముడుచుకుని వెళ్లేవారు. మా తాత ఆ దివాణం వెనక ఏడెకరాలు చదును చేయించి క్రికెట్ మైదానం వేయించాడు. దాన్ని నున్నగా ఉంచడానికి ఇంగ్లండ్ నుంచి ఓడలో ఇనుప రోలర్ తెప్పించాడు. జట్టుకు ఆయనే కెప్టెన్, మొదటి బ్యాటింగ్ ఎప్పుడూ ఆయనదే. అంపైర్‌గా దివాణం గుమస్తా నిలబడేవాడు. మా తాత విషయంలో ఆ గుమస్తా వేలు ఒక్కసారి కూడా పైకి లేవలేదని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. మా నాన్న చేతికి వచ్చేసరికి గ్రామాలు లేవు, దివాణం కప్పు కారుతోంది, మైదానం ఒక్కటే మిగిలింది. దాన్ని ప్లాట్ల కోసం అమ్మినప్పుడు కాగితం మీద రెండో సంతకం నాది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. చదివే పెట్టానని చెప్పుకోలేను.

ఇప్పుడు నేను బర్మింగ్‌హామ్‌లో ఒక ఆసుపత్రిలో పోర్టర్ని. రోగులను వార్డు నుంచి స్కానింగ్‌కు, స్కానింగ్ నుంచి వార్డుకు తోసుకెళ్తాను. ఆ పని వల్ల నాకు సిగ్గు లేదు. నన్ను చూసి జాలిపడేవాళ్లంటేనే కోపం.

గత ఏడాది ఏప్రిల్‌లో ఇక్కడి నుంచి రైల్లో వెళ్లదగిన ఒక చిన్న కౌంటీ క్రికెట్ క్లబ్బులో సభ్యుడిగా చేరాను. ఆ జట్టు ఏళ్లుగా రెండో డివిజన్‌లోనే పడి ఉంది. అక్కడి పాత పెవిలియన్ మెట్ల దగ్గర 'సభ్యులకు మాత్రమే' అని ఒక చెక్క బోర్డు ఉండేది. అది చదివి చేరాను. ఇంతకంటే మంచి కారణం ఉంటే చెప్పేవాణ్ణి.

ఫారం చేత్తో నింపాను. పుట్టినప్పటి నుంచి రాసే పద్ధతిలో ఇంటిపేరు ముందు రాశాను, నా పేరు తర్వాత రాశాను. కార్డు వచ్చాక తెలిసింది, ఈ దేశంలో ముందున్న గడి మనిషి పేరుకని. గేటు దగ్గర కార్డులు చూసే ముసలాయన మొదటి రోజే మా ఇంటిపేరులో రెండక్షరాలు తుంచి, చివర నేస్తం అన్నట్టు 'మేట్' తగిలించి, "ఏం, ఇవాళైనా గెలుస్తామా?" అని కేకేశాడు. మా ఊళ్లో ఆ ఇంటిపేరును పైకి పలికేవాళ్లు కాదు. దివాణం వారు అనేవాళ్లు.

పెవిలియన్‌లో నా పక్క కుర్చీ అనంతపురం వైపు ఆవిడది. ముప్పై ఏళ్లు ఇక్కడి వార్డుల్లో నర్సుగా చేసి రిటైరయింది. భర్త పోయాక ఆయన కుర్చీలో తను కూర్చుంటోంది. గేటు దగ్గరి కేక ఆవిడ కూడా విన్నది.

"ఏం సార్, ఆ ముసలాయన మిమ్మల్ని ఇంటిపేరుతో పిలుస్తాండాడు?"

ఫారం సంగతి చెప్పాను. మా కుటుంబం సంగతి కూడా కొంత చెప్పాను. ఆ రోజు నుంచి నేను ఆవిడకు 'దొర'నయ్యాను.

"అయ్యో దొరా, మా ఆయనది గూడా అట్లే తిరగబడింది. ఆఫీసులో రెండు నిమిషాల పని. పోయి చెప్పుకోండి."

"చెప్పుకోవడం మా ఇంట్లో అలవాటు లేదండీ."

"అయితే నా దగ్గర నేర్చుకోండి. ముప్పై ఏండ్లు కౌన్సిలోళ్లకి, జీపీ డాక్టరుకి, డ్యూటీల రోటా రాసే మేనేజరుకి చెప్పుకుంటానే బతికినా నేను."

ఆ రోజే భోజన విరామంలో క్లబ్బు అధ్యక్షుడు మైకులో మాట్లాడాడు. క్లబ్బు నడవడం కష్టంగా ఉందట. జట్టు ఈసారి మొదటి డివిజన్‌కు వెళ్తే మైదానం ఉంటుంది. వెళ్లకపోతే బిల్డర్‌కు అమ్మాలా వద్దా అన్నది అక్టోబరులో సభ్యులు ఓటు వేసి తేల్చాలి. అమ్మితే ఆట ఊరి బయట ఒక స్కూలు గ్రౌండుకు మారుతుంది. ఆయన కూర్చోగానే కొందరు చప్పట్లు కొట్టారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఆ సీజనంతా నేను ఆ ఒక్క విషయం కోసమే చూశాను. ఆటను ప్రేమించానని అనను. రోటాలో నా ఆదివారం సెలవులు వదులుకుని మామూలు రోజుల్లో సెలవు తీసుకున్నాను, ఎందుకంటే ఈ మ్యాచ్‌లు నాలుగేసి రోజులు సాగుతాయి. ఏప్రిల్లో కోటు మీద కోటు వేసుకుని కూర్చుని రెండు ఓటములు చూశాను. మేలో వాన చూశాను. మా ఓపెనర్ ప్రతి బంతికీ ముందు బ్యాటును మూడుసార్లు నేలకు తట్టి, ఇరవై దాటగానే స్లిప్‌లో క్యాచ్ ఇచ్చేవాడు. "ఇంకోసారి తడితే ఏమైతాదో" అనేది ఆవిడ, పులిహోర డబ్బా మూత తీస్తూ. మోకాలికి పట్టీ కట్టుకున్న ఒక పాత బౌలర్ జూన్‌లో, జూలైలో ఒంటిచేత్తో మూడు మ్యాచ్‌లు గెలిపించాడు. ఆగస్టుకల్లా మా జట్టు పట్టికలో మూడో స్థానానికి వచ్చింది. పైకి వెళ్లేది రెండు జట్లు.

ఇక్కడొక ఆచారం ఉంది. భోజన విరామంలో చూసేవాళ్లంతా మైదానంలోకి దిగి గడ్డి మీద తిరుగుతారు. ఐస్‌క్రీములు, కుక్కపిల్లలు, అన్నీ దిగుతాయి. నేను దిగలేదు. మా తాత మైదానంలో ఆటగాళ్లు తప్ప ఎవరూ అడుగు పెట్టేవారు కాదు. రోలర్ లాగేవాళ్లు కూడా చెప్పులు బయట వదిలేవారు.

"రాండి దొరా, గడ్డి కరవదు" అని ప్రతిసారీ పిలిచేది ఆవిడ.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం దిగాను. దిగే ముందు బూట్లు విప్పాను. గేటు ముసలాయన పరుగున వచ్చి, "కాలికేమైనా గుచ్చుకుందా?" అని అడిగాడు. ఆవిడ పగలబడి నవ్వింది. అవతలి గట్టు దగ్గర టార్పాలిన్ కింద ఒక ఇనుప రోలర్ ఉంది. మా తాతది ఇలాంటిదే. పిడి మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాను. అది లాగడం ఎంత బరువో నాకు తెలియదని అప్పుడు తోచింది.

సెప్టెంబరులో ఆఖరి మ్యాచ్. గెలిస్తే పైకి, డ్రా అయితే లేదు. నాలుగో రోజు సాయంత్రం అవతలి జట్టుకు తొమ్మిది వికెట్లు పడ్డాయి. చివరి ఇద్దరు బ్యాట్లు అడ్డం పెట్టి నిలబడ్డారు. ఆఖరి ఓవర్లో మోకాలి పట్టీ బౌలర్ వేసిన బంతి బ్యాట్స్‌మన్ కాలికి సూటిగా తగిలింది. మైదానమంతా అరిచింది. నేనూ లేచి అరిచాను. అంపైర్ వేలు లేవలేదు. మ్యాచ్ డ్రాగా ముగిసింది.

ఆ బౌలర్ నడుం మీద చేతులు పెట్టుకుని అంపైర్ వైపు చూస్తూ ఉండిపోయాడు. మా తాతకు బంతులు వేసినవాళ్లు మా పొలాల్లో పనిచేసేవాళ్లే. గుమస్తా వైపు వాళ్లు ఎలా చూసేవారో మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అక్టోబరులో ఓటింగ్ ఒక చర్చి హాల్లో జరిగింది. గుమ్మం దగ్గర జాబితాలో పేరు చూసి, చేతికి ఒక పసుపు చీటీ ఇస్తున్నారు. అక్కడ కూర్చున్న అమ్మాయి నా డ్రైవింగ్ లైసెన్స్ చూసి ఇంటిపేరు అక్షరం దగ్గర వెతికింది. లేదు. తిరగేసి వెతికితే దొరికింది. నవ్వుతూ పక్క బల్ల చూపించింది, ఒక కాగితం ఇచ్చింది. పేరు తప్పుగా ఇచ్చానని, సరిచేయమని కోరుతున్నానని అందులో ఉంది. కింద సంతకం పెడితేనే చీటీ ఇస్తారు.

"నేను తప్పుగా ఇవ్వలేదు" అన్నాను.

"అది మామూలు ఫారమే సార్, అందరికీ అదే."

"మా ఇంటిపేరు ఉండాల్సిన చోటే ఉంది."

ఆ అమ్మాయి కలం నా వైపు జరిపింది. నా వెనక వరుస పెరుగుతోంది. కాగితం బల్ల మీదే వదిలి బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. తలుపు వేశారు.

గంట తర్వాత ఆవిడ బయటికి వచ్చింది.

"అయిపాయ దొరా. అమ్మేస్తారంట. మూడొంతుల మంది చీటీలెత్తిరి."

"మీరు?"

"నేనెత్తలేదు. మీరు యాడికి పోయినారు? మీకని పక్కన కుర్చీ పట్టుకోనుంటి. ముగ్గురు అడిగిరి, మనిషి వస్తాడని చెప్తిని."

ఫారం సంగతి చెప్పాను. ఆవిడ ఈసారి నవ్వలేదు.

"మీ ఒక్క చీటీతో ఆగేది కాదులే" అంది. "అయినా రెండు నిమిషాల పని గదా, సార్."

ఏప్రిల్ తర్వాత ఆవిడ నన్ను సార్ అనడం అదే మొదటిసారి. బస్సు వచ్చేదాకా ఇద్దరం నిలబడే ఉన్నాం. ఆవిడ ముందు ఎక్కింది.

వసంతంలో అమ్మకం పూర్తయింది. నేల బిల్డర్‌కు, పెవిలియన్ కుర్చీలు అడిగిన సభ్యులకు, రోలర్ పాత ఇనుము కొనేవాళ్లకు అమ్మారు.