కట్టు కట్టేటప్పుడు చదివే పుస్తకం

పుత్తూరులో పరంధామయ్య ఎముకలు సరిచేసి కట్లు కడతాడు. ఆయన చెయ్యి వేసే సమయంలో పిల్లలు కదలకుండా చూసుకోవడం ఆయన దగ్గర పనిచేసే కృపామణి పని. ఇరవై ఏళ్ళు కబుర్లతోనే నెట్టుకొచ్చింది. ఇప్పటి పిల్లలకు ఆ కబుర్లు చెవికెక్కడం లేదు. ఫోను చూపిస్తే, బొమ్మ మార్చడానికి విరిగిన చెయ్యే ముందుకొస్తుంది. అందుకని పుస్తకాలు మొదలుపెట్టింది. అప్పటినుంచి ఆమెకు మనశ్శాంతి లేదు.

నవ్వుల పుస్తకం చదివితే పిల్లాడు పకపకా నవ్వి ఒళ్ళంతా కదిలించాడు. జాలి కథ చదివితే పిల్ల కంటే ముందు తల్లి ఏడ్చింది. పంతులమ్మగా రిటైరై ఆ వీధిలోనే ఉంటున్న నేను పెద్దరికం కొద్దీ నీతికథలు కొనమన్నాను.

"మీ నీతికతల్లో తప్పు సేసినోడికి దెబ్బ తగల్తాదని వినేసరికి పిల్లోడు తన సెయ్యే సూసుకున్నాడు మేడం," అని తెచ్చి నా ఒళ్ళో పడేసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆఖరికి దెబ్బలూ పడిపోవడాలూ ఉన్న పుస్తకాలన్నీ ఏరి గుడ్డసంచిలో దాచేసింది. బల్ల మీద మిగిలినవి నాలుగే. అవైనా మంచివో కావో ఆమెకు తెలియదు. నాకు తెలుసని అనుకుంటుంది, అది తలచుకుంటేనే నాకు భయం.

మొన్న నా మణికట్టు చూపించుకుందామని వెళ్ళాను. కార్వేటినగరం నుంచి మునిచంద్ర అనే అతను కూతుర్ని తీసుకొచ్చాడు. పేరు లోహిత, ఏడేళ్ళు. సైకిలు మీంచి పడితే మోచెయ్యి కీలు తప్పింది. పరంధామయ్య రెండుసార్లు పట్టుకుంటే రెండుసార్లూ గుంజేసుకుంది.

"ఇంగొక్కసారి సూస్తానప్పా. మళ్ళా గుంజుకునిందంటే నా వల్ల కాదు. తిరుపతికి తీసకపోయి ఆపరేషను సేపించుకోండి," అన్నాడాయన. మునిచంద్ర ముఖం పాలిపోయింది.

కృపామణి కుందేలు పుస్తకం తెరిచింది.

"ఇది వద్దవ్వా," అంటూ పాప మంచి చేత్తో గుడ్డసంచి లాగి, అందులోంచి ఒకటి తీసింది. అట్ట మీద చింతచెట్టు, కొమ్మ మీంచి జారిపోతున్న పిల్ల.

కృపామణి నా వైపు చూసింది. నేను పరంధామయ్య వైపు చూశాను. లాక్కుంటే మొండికేస్తుంది, చదివితే జడుసుకుంటుంది.

కృపామణి తడబడుతూనే చదివింది. పిల్ల చెట్టెక్కింది, పడింది, చెయ్యి విరిగింది. పేజీ తిప్పేసరికి కట్టుతో నవ్వుతూ బడికి పోతోంది.

"కట్టు కట్టేటప్పుడు ఈ పాపకి నొప్పి పుట్టలేదా అవ్వా?"

కృపామణి పేజీ వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది. ఆ సంగతి ఎక్కడా రాసి లేదు.

"పుట్టింది పాపా," అంది చివరికి. "శానా పుట్టింది."

"ఏడ్సిందా?"

"ఏడ్సింది."

"మరి ఈడ నవ్వతా ఉండాదే?"

"అది మర్నాడు."

లోహిత పడిపోయిన బొమ్మనూ నవ్వుతున్న బొమ్మనూ మార్చి మార్చి చూసింది.

"అయితే నేనూ ఏడుస్తా," అని చెయ్యి పరంధామయ్య చేతిలో తనే పెట్టింది.

ఆయన లాగాడు. పాప వీధంతా వినబడేలా ఏడ్చింది. ఊరుకోమనాలో వద్దో తెలియక కృపామణి పుస్తకం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పాప మాత్రం కీలు కూర్చునేదాకా చెయ్యి గుంజుకోలేదు.