తవిటమ్మ అంబలి పద్దు

ఎన్నికలయ్యాక అభ్యర్థులు కచేరీలో దాఖలు చేసే చందాల, ఖర్చుల లెక్కల్ని రుసుము కట్టి మరీ చదివేవాడు విజయనగరం మొత్తానికి సోమలింగం ఒక్కడే. కళ్ళజోడు నుదుటికి నెట్టి, కాగితం ముక్కుకానించి, చూపుడువేలితో ఒక్కో పద్దూ తడుముతాడు. దొంగ పద్దు దొరికిందా, పొడుం పీల్చినంత హాయి. పందొమ్మిదివందల నలభయ్యారు ఎన్నికలకు ఒక అభ్యర్థి ఇచ్చిన లెక్కలో ఆ వేలు 'తవిటమ్మ చందా: మూడు కుండల అంబలి' అన్నచోట ఆగింది. ఇది కల్పనేననుకుని, సంతలో చింతపండమ్ముకునే తవిటమ్మను వెతికి పట్టుకుని నిలదీశాడు.

"ఓట్లడగడానికి నడిసొచ్చినోల దాహానికి పోసినాను. దానికీ రాసినారేటి?" అందామె. చేతిలో చింతపండు కింద పెట్టి, "పన్ను కట్టేవోలకేనట ఓటు, నాకు ఓటే నేదు గదా బాబూ! సర్కారు కాయితంల నా పేరున్నాదా?" అంది.

మర్నాడు సోమలింగం ఆమెను కచేరీకి తీసుకెళ్ళి, మళ్ళీ రుసుము కట్టి, ఆ వరస చూపించాడు. తవిటమ్మ దానిమీద వేలు ఆనించి, ఆ వేలిని కళ్ళకద్దుకుంది.