పదిహేను క్రిస్మస్‌ల స్కూటరు

నాంపల్లిలో మేం కిరాయికి ఉన్న ఇంట్లో, క్రిస్మస్ వస్తోందంటే ముందు పెయింటు వాసన వచ్చేది. తలుపులకు, కిటికీలకు వేయించాక డబ్బాలో ఎంతో కొంత మిగిలేది. దాన్ని పారబోయడం మా డాడీ వల్ల అయ్యే పని కాదు. స్కూటరుకు వేసేవాడు. పైపైన కాదు, పక్క మూతలు ఊడదీసి, బ్రష్షు దూరని చోట వేలికి గుడ్డ చుట్టుకుని మరీ వేసేవాడు. దాంతో తలుపుదీ బండిదీ ఒకటే రంగు. తలుపు ముందు నిలబెడితే బండి ఉందో పోయిందో తెలిసేది కాదు. చర్చికి వచ్చేవాళ్లు మా ఇంటి గుర్తు చెప్పాలంటే స్కూటరు రంగు చెప్పేవాళ్లు.

తొంభైల చివర్లో దానికి పదిహేనేళ్లు నిండాయి. రవాణా శాఖ తనిఖీలో పాసైతేనే ఇక రోడ్డెక్కాలి, లేకపోతే పాత ఇనుము దుకాణమే. సరిగ్గా అప్పుడే నాకు ఆబిడ్స్‌లో ఒక స్కూలు పుస్తకాల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. బడి బడికీ తిరిగి పుస్తకాలు చూపించాలి. బండి ఉంటేనే సోమవారం రమ్మన్నారు. కొత్తది కొనే స్తోమత మాకు లేదు. స్నేహితురాలి బండి మీద నేర్చుకుని లైసెన్సు అయితే తెచ్చుకున్నాను గానీ, డాడీ తన స్కూటరు హ్యాండిల్ నన్ను ఒక్కనాడూ ముట్టుకోనివ్వలేదు. ఎప్పుడడిగినా ఒకటే మాట, ముందు పాస్ కానీ బిడ్డా, గప్పుడు సూద్దాం అని. ఆ ‘సూద్దాం’ వింటే నాకు ఒళ్లు మండేది. పాసైనా ఇస్తాడన్న నమ్మకం లేదు. పాస్ కాకపోతే అసలు ఆశే లేదు.

శనివారం పొద్దున బయల్దేరాం. హ్యాండిల్ ఆయన చేతుల్లో, కాగితాల సంచి వెనక సీట్లో నా ఒళ్లో. ముందు ఆబిడ్స్‌లో పెట్రోలు బంకు పక్కన నిలబెట్టే పొగ పరీక్ష వ్యాను దగ్గరికి వెళ్లాం. పెట్రోల్లో కలిపే ఆయిలుకు ఒక కొలత ఉందని డాడీ ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఆవకాయలో నూనె పోసినట్టు పోసేవాడు. ముందురోజు మెకానిక్ ట్యాంకు ఖాళీ చేసి కొలత ప్రకారం పోశాడు గానీ, పదిహేనేళ్ల జిడ్డు ఒక్కరోజులో పోతుందా? డాడీ కిక్కు కొట్టగానే వ్యాను ఆయన కనిపించకుండా పోయాడు. కాసేపటికి దగ్గుకుంటూ పొగలోంచి బయటికొచ్చి, నాలుగు చుట్లు తిప్పుకుని రమ్మన్నాడు.

ఇక చూడండి, ఆబిడ్స్ సర్కిల్ చుట్టూ ఊరేగింపు. డాడీ గంభీరంగా నడుపుతుంటే వెనక నేను నవ్వాపుకోలేక సంచిలో మొహం దాచుకున్నాను. ట్రాఫిక్ కానిస్టేబుల్ రెండో చుట్టులో మమ్మల్ని గుర్తుపట్టాడు, మూడో చుట్టులో చెయ్యూపాడు. నాలుగో చుట్టుకి పొగ సన్నబడింది. కాగితం చేతికొచ్చింది. డాడీ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్న తీరు చూస్తే ఆయనకే ఏదో బహుమతి ఇచ్చారనుకోవాలి.

అసలు తనిఖీ నాంపల్లిలో ఒక మైదానంలో. ఆటోలు, టాక్సీలు, మాలాంటి ముసలి స్కూటర్లు వరసగా నిలబడ్డాయి. ఇన్‌స్పెక్టర్ లైటు చూశాడు, హారను విన్నాడు, బ్రేకు వేసి చూపించమన్నాడు. డాడీ వేగంగా వచ్చి సరిగ్గా ఆయన బూట్ల ముందు ఆపాడు. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, బ్రేకు బాగుందని ఒప్పుకున్నాడు. తర్వాత తెల్లకాగితం, పెన్సిలు తీసి, పక్క మూత తీయించి, లోపల బండి ఒంటి మీద చెక్కిన నంబరు మీద కాగితం పెట్టి రుద్దాడు. కాగితం మీద ఏమీ పడలేదు. పడుతుందా? నంబరు పదిహేను క్రిస్మస్‌ల కింద ఉంది.

నంబరు చూపించకపోతే లాభం లేదన్నాడాయన, మధ్యాహ్నానికి మూసేస్తాం అని కూడా అన్నాడు. నాకు పిచ్చి కోపం వచ్చింది. లోపల కూడా ఎవరైనా పెయింటు వేస్తారా డాడీ అని అందరి ముందూ అరిచాను. డాడీ కింద కూర్చుని చాకుతో గీకడం మొదలుపెట్టాడు. ఒక ఆటో అన్న స్క్రూడ్రైవర్ ఇస్తే నేనూ కూర్చున్నాను.

చిలకపచ్చ పోయింది. కింద నీలం. ఇది నువ్వు డిగ్రీ పాసైన ఏడు అన్నాడు డాడీ. నీలం కింద మీగడ రంగు, దాని కింద కాఫీ రంగు. ఆటోవాళ్లు చుట్టూ చేరి, తర్వాత ఏ రంగొస్తుందో ముందే చెప్పడం మొదలుపెట్టారు. గులాబీ రంగు బయటపడేసరికి మైదానమంతా ఘొల్లుమంది. అది మా మమ్మీ పంతం పట్టి గెలిచిన ఒకే ఒక్క ఏడు. ఆ ఏడాదంతా డాడీ గులాబీ స్కూటరు మీదే ఆఫీసుకెళ్లాడు. ఆయనే ఆ సంగతి ఆటోవాళ్లకు చెప్పుకుని నవ్వుతుంటే నా కోపం ఎటు పోయిందో! కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను. నవ్వుతూనే, ఇనుము దాకా వెళ్లినా నంబరు కనపడకపోతే నా సోమవారం ఏమవుతుందా అని ఇంకా గట్టిగా గీకాను.

అన్నిటికంటే కింద బూడిద రంగు తగిలింది, కొన్ననాటి రంగు. దాంట్లో మూడు, తర్వాత ఏడు, తర్వాత సున్న. ఇన్‌స్పెక్టర్ మళ్లీ కాగితం పెట్టి రుద్దాడు. ఒక్కో అంకె తేలుతుంటే ఆటోవాళ్లంతా బడిపిల్లల్లా పైకి చదివారు. ఆయన బండి ఆర్సీ పుస్తకంతో సరిచూసి తలాడించాడు. నేను ఎగిరి గంతేశాను.

ఫారం నింపుతూ మళ్లీ ఆగాడాయన.

“పుస్తకంలనేమో బూడిద రంగున్నది. బండి మీదనేమో అన్ని రంగులున్నయి. ఒక్కటి చెప్పున్రి, అదే రాస్త. రేపటికల్ల గదే ఏయించున్రి.”

నేను డాడీ వైపు చూశాను. ఆయన చాకు తుడిచి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“నన్నెందుకు సార్? నడిపేటోళ్లను అడుగున్రి.”

పెన్ను నా వైపు తిరిగింది. ఎంత సంతోషమంటే, పొద్దున్నుంచీ నోరు మూయని నాకు ఒక్క రంగు పేరు కూడా గుర్తు రాలేదు. చివరికి ఎరుపు అన్నాను. డాడీకి ఎరుపంటే అస్సలు గిట్టదు. అయినా తాళంచెవి నా చేతిలో పెట్టి, వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు.