సాక్ష్యం చెప్పి రీఫిల్ మానేశాను

మూడో తరగతి పిల్లలకు ఏడో ఎక్కం చెబుతూ మధ్యలో ఆగిపోయాను. నోట్లో ఉప్పగా తగిలింది. దగ్గితే పైటచెంగు ఎర్రబడింది. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. గురజాల దగ్గర మా ఊరి మిషన్ బళ్లో నేను పంతులమ్మను. పాపకు రెండేళ్లు. చాక్‌పొడికి గొంతు చీరుకుందని మా ఆయనకు చెప్పాను, నేనూ అదే నమ్మాను.

నెల తిరిగేసరికి సాయంత్రం పూట జ్వరం పట్టుకుంది. గుంటూరులో ఎక్స్‌రే తీసి, స్పూటమ్, అంటే కళ్లె పరీక్ష చేశారు. డాక్టరమ్మ ఏదీ దాచలేదు. "టి.బి. ఎడమ లంగ్‌లో కేవిటీ ఉంది, గుంట పడింది. ఏ.పీ. పెడదాం" అంది. అంటే పక్కటెముకల మధ్య సూది గుచ్చి గాలి ఎక్కించి, జబ్బు లంగ్‌ను మానేదాకా ముడిచి ఉంచడం. ఆ గాలి తగ్గిపోతుంది కనుక రెండు వారాలకోసారి రీఫిల్ చేయించుకోవాలి, అలా రెండు మూడేళ్లు. పాపను మా ఆడబిడ్డ ఇంటికి పంపేశారు.

నాలుగు నెలలకు జ్వరం పోయింది, కాస్త ఒళ్లు చేశాను. మా సంఘంలో స్వస్థత పొందినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి, చెప్పకపోతే మేలు మరిచినట్టే. నేను లేచి, దేవుడు నన్ను పూర్తిగా బాగుచేశాడన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. తర్వాతి వారం రీఫిల్‌కి బయల్దేరితే మా అత్తగారు గుమ్మంలో అడ్డుపడింది.

"అందరి ముందూ బాగయిందని చెప్పి మళ్లీ సూదికి పోతావేందే? నీ దేవుణ్ణి ఎవురు నమ్ముతారు?"

ఆమెను తప్పు పట్టను. నాకూ అదే సిగ్గు. పైగా పాపను తెచ్చుకోవచ్చన్న ఆశ. మానేశాను.

మూడు నెలలకు మళ్లీ రక్తం పడింది, ఈసారి గిన్నెడు. ఎనిమిది రోజులు దాచాను. ఇది బయటపడితే దేవుడు అబద్ధికుడవుతాడని నా భయం. అంత వెర్రిదాన్ని.

డాక్టరమ్మ రెండు చోట్ల సూది గుచ్చి చూసింది. "గాలి ఆపేసరికి లంగ్ లోపల గోడకు అంటుకుపోయిందమ్మా. ఇక గాలి పట్టదు" అని చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. మంచం మీద కదలకుండా పడుకోవడమే ఇక వైద్యం. శానిటోరియంలో పద్నాలుగు నెలలు ఉన్నాను. ప్రార్థన నోటికి రాలేదు. బైబిలు తెరిస్తే అక్షరాలు కనబడేవి, అంతే. చచ్చిపోతానన్న భయం కంటే, దేవుడి పేరు చెడగొట్టానన్న బాధే నన్ను ఎక్కువ తినేసింది.

పక్క మంచం ఖాసింబీది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేసిన మనిషి. నా సాక్ష్యం సంగతంతా ఆమెకు చెప్పుకున్నాను. మా సంఘం నుంచి వచ్చిన ఉత్తరం ఒకరోజు ఆమెకు చదివి వినిపించాను. నిరీక్షణ కోల్పోవద్దని అందులో రాశారు. మా బైబిల్లో ఆశకు ఆ మాటే వాడతారు.

"నిరీక్షణ అంటే ఏంది పంతులమ్మా?" అంది ఖాసింబీ.

బళ్లో చెప్పినట్టే, ఎదురుచూడటం అన్నాను.

"మరి నువ్వు ఎదురుచూళ్లేదుగా. అయిపోయిందని చెప్పొచ్చావు."

ముందు నాకు కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది. ఎదురుచూసినవాళ్లందరికీ నయమవుతుందని నేను చెప్పను. ఖాసింబీ ఆ ఎండాకాలమే పోయింది. ఆ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచారు. ఆ రోజు దేవుడితో ఒక్క మాట అన్నాను, నేనింకా ఇక్కడే ఉన్నానని. అంతకు మించి ఏమీ అడగలేకపోయాను.

స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లయింది. స్పూటమ్‌లో ఇప్పుడు క్రిములు కనబడటం లేదు. "నయమైందని అనను. కనబడలేదని అంటాను" అంటుంది డాక్టరమ్మ. బడికి పోలేను, బిందె ఎత్తలేను. పాప మా ఆడబిడ్డను అమ్మా అంటుంది, ఆసుపత్రికి పోయొచ్చే నన్ను గుంటూరమ్మ అంటుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

మొన్న మా ఊరి మరియమ్మ ఇంటికొచ్చింది. ఆమెకూ ఏ.పీ. పెట్టారు. జ్వరం తగ్గిందని, ఈ ఆదివారం సాక్ష్యం చెబుతానని మురిసిపోయింది. రీఫిల్ ఎప్పుడని అడిగాను. గురువారమంది, కానీ ఇక ఎందుకులే అంది. ఇది చదివే జబ్బు మనుషులకు నేను చెప్పేదీ ఆమెకు చెప్పిందే: జ్వరం పోయినా, ఒళ్లు చేసినా, డాక్టరు మానమనేదాకా రీఫిల్ మానొద్దు.

గురువారం పొద్దున ఇద్దరం గుంటూరు రైలెక్కాం. సూది గుచ్చుతుంటే ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. నాకు పట్టని గాలి ఆమెకు పట్టింది.